పురిటి గదిలో నూటపంతొమ్మిది

నమోదు 3041

గాలి గది చిట్టా. రాస్తున్నది మాణిక్యం. ఇందులో అంకెలు తప్ప మరేమీ రాయకూడదని నియమం. ఎనిమిదేళ్ళుగా నేను దాన్ని పాటించిందీ లేదు, ఎవరూ చదివి నిలదీసిందీ లేదు.

ఒకటో లంక వీధిలో గాలి శుభ్రం. రెండో లంకలో ఎవరో పోపు మాడ్చారు. నాలుగో లంక శుభ్రం. మూడో లంక చివరి గదిలో 119 కనిపించింది.

ఆ అంకె కనిపిస్తే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. మా తూకం యంత్రం గాలిలోని అణువులను విరగ్గొట్టి, ఆ ముక్కలకు విద్యుదావేశం అంటించి, ఒక్కోదాన్నీ తూస్తుంది. గోడనూనె విరిగితే వచ్చే ముక్క బరువు 119. గోడనూనె అంటే మా గోడల్లోని గొట్టాల్లో వేడివేడిగా తిరిగే నూనె. ఈ మంచు కింద మేం బతికి ఉన్నామంటే దాని చలవే. గొట్టంలోంచి కారి గాలిలో కలిస్తే మాత్రం అది విషం.

కానీ ఆ చివరి గది పురిటి గది. హరిణికి ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండకుండానే. హరిణి అమ్మమ్మ వెంకాయమ్మ పిన్ని పొద్దునా సాయంత్రం కరెంటు పెనం మీద వాము చల్లి పొగ వేస్తోంది. వాములో ఉండే ఒక సరుకు అణువు సరిగ్గా గోడనూనె అణువంత బరువే ఉంటుంది. విరిగినా అదే 119 వస్తుంది. యంత్రానికి రెండూ ఒకటే.

అందుకే మా పెద్దవాళ్ళు పురిటి మినహాయింపు అని ఒకటి పెట్టారు. పురుడు జరిగిన గదిలో బారసాల అయ్యేదాకా 119కి మోగే గంటను ఆపేస్తాం. బాలింతను భయపెట్టడం ఎందుకని, మంచి మనసుతో పెట్టిన నియమమే. నేను మీట నొక్కాను, గంట ఆగింది.

నమోదు 3045

పసిదాన్ని చూడడానికి వెళ్ళాను. మా నాలుగు వీధులకు లంకలని పేరెందుకు పెట్టారో మూడో లంకకు వెళ్ళినప్పుడల్లా గుర్తొస్తుంది. గోదావరి లంకల నుంచి వచ్చిన మా ముత్తాతలకు ఇక్కడా చుట్టూ నీళ్ళే కనిపించాయి, కాకపోతే గడ్డకట్టిన నీళ్ళు. ఏదైనా ముంచుకొస్తే ఏ లంక తలుపు ఆ లంక మూసుకోవాలి.

వెంకాయమ్మ పిన్ని గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని, పిల్లను కాళ్ళ మీద బోర్లా వేసుకుని ఒళ్ళు రుద్దుతోంది. పిల్ల నా అరచేతికి కాస్త పెద్దది, అంతే. గది నిండా వాము ఘాటు.

"ఏమ్మా మాణిక్యం, నా వాము నీ యంత్రానికి పడలేదంట కదా?" అని నవ్వింది. పడకపోతే మింగి ఊరుకుంటుందిలే పిన్నీ అన్నాను.

ఈ గోడ దగ్గర ఈ ఒక్కచోటే వెచ్చగా హాయిగా ఉందనీ, రోజంతా పిల్లను పెట్టుకుని ఇక్కడే కూర్చుంటున్నాననీ చెప్పింది. ఈ మధ్య కాళ్ళు తిమ్మిరెక్కి లేవలేకపోతోందట. ఎనభై దాటినవాళ్ళకు తిమ్మిర్లు రాక ఏం వస్తాయిలే అనుకున్నాను. హరిణి తల దిమ్ముగా ఉందని పడుకుని ఉంది. ఆమె మొగుడు మంచు తవ్వే జట్టుతో బయటి స్థావరంలో ఉన్నాడు. బారసాలకు కూడా రాలేడట.

నమోదు 3052

పురిటి గదిలో 119 పెరిగింది.

పిల్ల పాలు సరిగా తాగడం లేదు. ఎప్పుడూ మగతగా పడుకునే ఉంటోంది, లేపినా ఉలుకూ పలుకూ లేదు. చలి చేసిందని వెంకాయమ్మ పిన్ని వాము పొగ రోజుకు నాలుగుసార్లకు పెంచింది. హరిణికి వాము కషాయం కూడా తాగిస్తోంది. కాబట్టి అంకె పెరగడంలో వింతేమీ లేదని పక్కగదుల వాళ్ళంటున్నారు.

నాకు మాత్రం మనసు కుదురుగా లేదు. పిల్లకు బాగాలేకపోతే వాము పెంచుతాం. వాము పెంచితే అంకె పెరుగుతుంది. అంకె ఎందుకు పెరిగిందంటే వాము అంటాం. ఒకవేళ పిల్లకు బాగాలేకపోవడానికి కారణమే గోడలోంచి వస్తుంటే, దాన్ని పట్టుకునే దారి ఇందులో ఎక్కడుంది?

వేడి గొట్టాలు చూసే పేర్రాజు గారి దగ్గరికి వెళ్ళి అడిగాను. ఆయన నన్ను కసురుకోలేదు, కూర్చోబెట్టి మీటరు చూపించాడు. నూనె ఒత్తిడి వెంట్రుకవాసి కూడా తగ్గలేదు. సన్నగా ఊరితే ఇంత పెద్ద నూనె తొట్టిలో తెలుస్తుందా అంటే తెలియదని ఒప్పుకున్నాడు. మరి మూడో లంక గొట్టం కట్టేసి గోడ తెరిచి చూద్దామన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. గొట్టం కట్టేస్తే లంక మొత్తం చల్లబడుతుంది. నీళ్ళ గొట్టాలు గడ్డకట్టి పగులుతాయి. అక్కడి కుటుంబాలన్నీ సామాన్లతో మిగతా లంకల్లోకి రావాలి. మళ్ళీ ఆ లంకను బతికించగలమో లేదో ఆయనకే నమ్మకం లేదు.

"వాము వాసన చూసి లంకను చంపమంటారేంటండీ మాణిక్యంగారూ. రుజువు తెండి. నేనే కట్టేస్తాను" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. నా దగ్గర రుజువూ లేదు.

నమోదు 3055

డాక్టర్ లలితాంబ పిల్లను చూసింది. ఊపిరి పైపైనే ఆడుతోందనీ, ఇంత చిన్న ఊపిరితిత్తులకు ఆ పొగ పడదనీ చెప్పి, వాము పూర్తిగా ఆపమంది. పిల్లను వేరే గదికి మారుద్దామా అని అడిగాను. వేడి గొట్టం మొదట చేరేది చివరి గదికే. అంత వెచ్చటి గది ఊళ్ళో ఇంకోటి లేదు. నడవాలో చలికి పిల్ల తట్టుకోలేదనీ, కదిలిస్తే తన పూచీ లేదనీ డాక్టరమ్మ తెగేసి చెప్పింది.

వెంకాయమ్మ పిన్ని పెనం తీసి నా చేతికిచ్చింది.

సాయంత్రానికి 119 సగానికి పడిపోయింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నమోదు 3058

సగం దగ్గరే ఆగింది. ఆ తర్వాత ఏమాత్రం తగ్గలేదు. పిల్ల పాలు తాగడం పూర్తిగా మానేసింది, గొట్టంతో పాలు పట్టిస్తున్నారు.

ఇవాళ పెద్దల సభ పెట్టారు. ముసలావిడ చాటుగా ఇంకా పొగ వేస్తోందని మూడో లంక వాళ్ళే చెప్పారు. ఆ పెనం నా దగ్గరే ఉందంటే, ఊళ్ళో పెనాలకు కరువా అన్నారు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. కానీ అంకె ఉంది కదా, వాము వెయ్యకపోతే అంకె ఎక్కణ్ణుంచి వస్తుందని అడిగారు. జవాబు కోసం అందరూ నా వైపు చూశారు. వాము గుడ్డల్లో, గోడ పూతలో ఇంకిపోయి చాలాకాలం వస్తుందని చెప్పాను. ఇంతగా వస్తుందా అని డాక్టరమ్మ అడిగింది. చెప్పలేనన్నాను. ఆ మాట పిన్నికి సాయం చేయలేదని నాకు అప్పుడే తెలిసింది.

వెంకాయమ్మ పిన్ని గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"నేను వెయ్యలేదు. ఆ పసిగుడ్డు మీద ఒట్టు" అంది.

ఆవిడ ఉత్తుత్తి ఒట్లు పెట్టే మనిషి కాదు, అది అందరికీ తెలుసు. అయినా పెద్దావిడ ప్రేమకొద్దీ చేస్తోంది, తనకే గుర్తుండటం లేదేమోనని ఎవరో మెల్లగా అన్నారు. ఆ మాట అందరికీ సుఖంగా తోచింది. నాకూ తోచింది, సిగ్గులేకుండా రాస్తున్నాను. పిల్ల కోలుకునేదాకా ఆవిడను ఒకటో లంకలో ఉంచాలని తేల్చారు. హరిణి ఏడుస్తూ ఉండిపోయింది గానీ వద్దని మాత్రం అనలేదు.

నడవాలో ఆవిడ రెండుసార్లు తూలింది. చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది.

నమోదు 3059

ఉదయం నుంచీ ఒకటే ఆలోచన. నా యంత్రం బరువు చెబుతుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. వాము ముక్కా, నూనె ముక్కా రెండూ 119. రెండింట్లోనూ తొమ్మిది కార్బన్లు, పదకొండు హైడ్రోజన్లు. రెండింట్లోనూ ఆరు కార్బన్ల చక్రం ఉంది. కానీ చక్రానికి అతుక్కున్న తోకలు వేరు. బరువు ఒకటైనా ఆకారం వేరు.

ఒకే బరువున్న రెండు కుండలు కొనేటప్పుడు ఏం చేస్తాం? వేలితో కొట్టి మోత వింటాం. ఈ ముక్కలను కొట్టడానికి వేలు బదులు పరారుణ కాంతి కావాలి. కంటికి కనపడని ఆ కాంతిలోనూ రకరకాల రంగులుంటాయి. ఒక్కో ఆకారం కొన్ని రంగులకే ఊగుతుంది, మిగతావాటికి కదలదు.

ముందు 119 ముక్కలను మాత్రమే ఏరి ఒక విద్యుత్ పంజరంలో పట్టి ఉంచాలి. బాగా చల్లబరిస్తే ఒక్కో ముక్కకూ ఒక నియాన్ పరమాణువు అంటుకుంటుంది, వదులుగా. తర్వాత పరారుణ కాంతి రంగు మారుస్తూ వేస్తూ పోవాలి. ముక్కకు నచ్చిన రంగు తగలగానే అది ఊగి, నియాన్ రాలిపోతుంది. బరువు తగ్గుతుంది. బరువు తగ్గడం నా యంత్రానికి తెలుస్తుంది. ఏ ఏ రంగుల దగ్గర రాలిందో గీస్తే అదే ఆ ముక్క ఆనవాలు.

చిన్నప్పుడు చదువుకున్న పాఠమే ఇదంతా. ఇక్కడ ఎవరూ చేయలేదు, అవసరం పడలేదు. రంగు మార్చే లేజరు ఖనిజాల గదిలో ఉంది. అడిగితే కొన్ని రోజులు వాడుకోమని ఇచ్చారు.

నమోదు 3060

కుదరలేదు. పంజరం చాలినంత చల్లబడటం లేదు. నియాన్ అంటుకోవడం లేదు, అంటుకున్నది దానంతటదే రాలిపోతోంది. వచ్చిన గీతలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. వెచ్చటి గదిలో కూర్చుని చలిని వెతుక్కుంటున్న నన్ను చూస్తే నాకే ఒళ్ళు మండింది. ఊరి చుట్టూ ఉన్నది చలి కాక ఇంకేమిటి?

యంత్రాన్ని మంచు గదిలోకి దించుతాను. బయటి గోడకు ఆనుకుని ఉంటుంది, అక్కడికి వేడి గొట్టం వెళ్ళదు. చల్లబరిచే మోటారు మీద భారం సగం తగ్గుతుంది.

డాక్టరమ్మ కబురు చేసింది. పిల్ల ఊపిరి మధ్యమధ్యలో ఆగుతోందట.

నమోదు 3061

పోల్చడానికి అసలు వాము కావాలి. తోట గదిలో కోత అయిపోయింది. ఉన్నదల్లా వెంకాయమ్మ పిన్ని డబ్బాలోనే.

ఒకటో లంకకు వెళ్ళాను. ఆవిడ మంచం దిగలేదు. అన్నం ముట్టడం లేదట, అలిగి కూర్చుందని ఆ గదివాళ్ళు చెప్పారు. నేను ఎందుకొచ్చానో వివరించాను. ఎంత అర్థమైందో తెలియదు. తలగడ కిందనుంచి డబ్బా తీసి ఇచ్చింది. చేతివేళ్ళ చివర్లు నీలంగా ఉన్నాయి. చలికని దుప్పటి కప్పి వచ్చాను.

"నా మాట నిజమని తేలకపోయినా పరవాలేదమ్మా. పిల్లదాన్ని చూడు" అంది.

తర్వాత పేర్రాజు గారి దగ్గర గిన్నెడు గోడనూనె తీసుకున్నాను. ఆయన తనే మోసుకొచ్చి మంచు గదిలో నా పక్కన నిలబడ్డాడు. పొమ్మన్నా పోలేదు.

ముందు వాము పెట్టాం. ఈసారి పంజరం చల్లబడింది. నియాన్ అంటుకుంది. కాంతి రంగు జరుపుతూ పోతే గీతలు విడివిడిగా, నిటారుగా వచ్చాయి. చేతులు కొంకర్లు పోతున్నా ఆ గీతలు చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. తర్వాత నూనె పెట్టాం. అదే 119. కానీ గీతలు వేరే చోట్ల వచ్చాయి. ఒక పొడుగు గీత వాముకు లేనేలేదు. ఇంకొకటి పక్కకు జరిగింది. రెండు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి దీపానికి ఎత్తి పట్టుకున్నాను. పేర్రాజు గారికి ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

ఇక పురిటి గది గాలి.

నమోదు 3062

పురిటి గది గాలిలోని 119ని పట్టి చూశాను. వాము గీతలు ఉన్నాయి, పల్చగా. వాటి మధ్యలో నూనె గీత నిలువెత్తున ఉంది. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే.

పేర్రాజు గారు ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. మెట్లెక్కి వెళ్ళి మూడో లంక గొట్టం తన చేత్తోనే కట్టేశాడు.

డాక్టరమ్మ పిల్లను తన రవికెలో, ఒంటికి ఆనించి పెట్టుకుని, పైన మూడు దుప్పట్లు చుట్టుకుని నడవా దాటింది. హరిణి వెనకాల నడిచింది. వాళ్ళ వెనక లంకలోని కుటుంబాలన్నీ పరుపులూ గిన్నెలూ పట్టుకుని వచ్చేశాయి. చివరికి తలుపు మూసేశారు.

నమోదు 3063

గోడ పగలగొట్టారు. గొట్టం అతుకు దగ్గర సన్నటి చీలిక, గోరు కూడా పట్టనంత. నూనె చుక్కచుక్కగా పూతలోకి ఇంకుతూ వచ్చింది. తడిసిన మేర లోపలివైపంతా నల్లబడి ఉంది. బయటికి మాత్రం ఏమీ కనిపించదు, కాస్త వెచ్చగా తగులుతుంది, అంతే. వాము ఘాటులో ఆ వాసన ఎవరికీ తెలియలేదు.

అది వెంకాయమ్మ పిన్ని వీపు ఆనించి కూర్చునే చోటు.

ఆ సంగతి వినగానే డాక్టరమ్మ ఒకటో లంకకు పరుగెత్తింది. నేనూ వెళ్ళాను. నూనె ఒంట్లో చేరితే వేళ్ళు నీలమెక్కుతాయట, నరాలు చచ్చుబడతాయట, కాళ్ళతో మొదలవుతుందట. అలక అనుకున్నాం. తిమ్మిరి అనుకున్నాం. చలి అనుకున్నాం. పిల్లకు గోడ గాలి తగలకుండా రోజంతా అడ్డుగా కూర్చున్నది ఆవిడే. పిల్ల కన్నా ఎన్నో రెట్లు పీల్చింది.

పేర్రాజు గారు గుమ్మంలోనే నిలబడిపోయాడు. తర్వాత లోపలికి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు.

"తప్పయిపోయిందండి" అన్నాడు.

ఆవిడకు ఆ మాట మీద ధ్యాస లేదు. పిల్ల తాగిందా అని అడిగింది.

నమోదు 3069

తాగింది. ఇవాళ పాల గొట్టం తీసేశారు. ఏడ్చింది కూడా, నాలుగో లంక దాకా వినిపించేలా. ఊరంతా ఆ ఏడుపు విని పనులు ఆపుకుని నిలబడింది.

వెంకాయమ్మ పిన్నికి నడుము కింద స్పర్శ పోయింది. డాక్టరమ్మ నాతో ఏమీ దాచలేదు.

బారసాల ఆవిడ మంచం పక్కనే చేశాం. పళ్ళెంలో బియ్యం పోసి, పిల్ల తండ్రి బదులు పేర్రాజు గారి చేత పేరు రాయించారు. ఏం పేరో ఆవిడే చెప్పాలని హరిణి పట్టుబట్టింది. నీ పేరే పెడతామంటే ససేమిరా వద్దంది. వాళ్ళమ్మ పేరు చెప్పింది, కామేశ్వరి అని. హరిణి ఏదో కొత్త పేరు అనుకుని పెట్టుకుంది, నాకు తెలుసు. కిక్కురుమనలేదు. పిల్లను పిన్ని మొహం దగ్గరికి వంచితే ఆవిడే చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పింది.

నమోదు 3074

వెంకాయమ్మ పిన్ని పోయింది. తెల్లవారి, పిల్లకు నీళ్ళు పోసిన వేళ. నాకు ఇవాళ అంకెలు రాయబుద్ధి కావడం లేదు.

నమోదు 3080

పురిటి మినహాయింపు కొట్టేశారు. ఇకనుంచి పురిటి గదిలో 119 కనిపిస్తే మీట నొక్కడం ఉండదు. ప్రతిసారీ ఆకారం చూడాలి. వాము అయితే వాము అని, నూనె అయితే నూనె అని కాగితం మీద సంతకం పెట్టాలి. లేజరు నా గదికే ఇచ్చేశారు. వాము పొగను కూడా నిషేధించాలని సభలో ఒకరన్నారు. డాక్టరమ్మే అడ్డుపడింది. తప్పు వాముది కాదంది.

నమోదు 3191

మూడో లంక బతికింది. నీళ్ళ గొట్టాలు సగం మార్చాల్సి వచ్చింది. చివరి గదిలో కొత్త గొట్టం వేశారు, నల్లబడిన మేర గోడంతా తవ్వి పారేసి కొత్త పూత పూశారు. మిగతా మూడు గోడలూ పాతవే. మనుషులను తిరిగి రానిచ్చేముందు గాలి చూడమన్నారు.

చివరి గదిలో 119 కనిపించింది. కొద్దిగానే.

పేర్రాజు గారు నా వెనకే మంచు గదిలోకి దిగాడు. పంజరం చల్లబడింది, నియాన్ అంటుకుంది, రంగు జరిపాను. నూనె గీత ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఇంకా జరిపాను. వాము గీతలు ఒక్కొక్కటే లేచాయి, పిన్ని డబ్బాలోని వాము పెట్టిన రోజు ఎక్కడ వచ్చాయో సరిగ్గా అక్కడే.

పాత గోడల పూతలో ఇంకిపోయి ఉన్న వాము అది. ఆవిడ పొగ వేసినప్పటిది. ఇంకొన్నాళ్ళు అలా మెల్లగా వస్తూ వస్తూ ఆగిపోతుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక అంకె తగ్గకుండా ఉంటే బాగుండునని నేను అనుకోవడం ఇదే మొదటిసారి.

మిగతా మూడు గోడలూ గీకించి శుభ్రం చేయించనా అని పేర్రాజు గారు అడిగాడు. వద్దని చెప్పాను. కాగితం మీద వాము అని రాసి సంతకం పెట్టాను.